భక్త రామదాసు జీవితంలో లౌకిక జ్ఞానం – దైవ జ్ఞానం





స్వామివారిని బాలాలయంలో వేంచేపు చేసి గర్భాలయపు పనులు ఆరంభించిన రోజులలో ఒక సాయంకాలం లెక్కలు చూసే భక్తులొకరు నా వద్దకు వచ్చి కూర్చున్నారు. వారు జీవితమంతా జమాఖర్చుల ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొన్నవారు. ఇసుకకు, ఇటుకకు, రాతిపనికి ఎంతెంత వ్రాశారో ఒకటికి రెండుసార్లు సరిచూసుకొని, పుస్తకం మూసి, నన్నొక ప్రశ్న అడిగారు. మనం ప్రతి శనివారమూ భజనలో రామదాసుగారి కీర్తనలు పాడుకొంటాము. కాని నేటి చట్టాల ప్రకారం చూస్తే ఆయన సర్కారు సొమ్మును అనుమతి లేకుండా ఖర్చుపెట్టిన ఉద్యోగి కదా, అట్టివారిని మనం ఆదర్శంగా చెప్పుకోవడం ఎంతవరకు న్యాయం అని వారి సందేహం. వారు భక్తిలేక అడిగినవారు కారు. భక్తి ఉన్నందువల్లనే ఆ ప్రశ్న వారిని బాధించింది. ఆ పూట నేను తగిన సమాధానం చెప్పలేకపోయాను. ఈ ప్రత్యేక సంచికలో వ్రాయవలసినదిగా ఆలయ కమిటీవారు ఆదేశించినప్పుడు ఆ బాకీ తీర్చుకోవాలని అనిపించింది.

రెండు విద్యలు

ముండకోపనిషత్తులో శౌనకుడనే గొప్ప గృహస్థు అంగిరస మహర్షిని ఆశ్రయించి, దేనిని తెలుసుకొంటే సమస్తమూ తెలుసుకొన్నట్లగునో దానిని బోధింపుమని ప్రార్థించాడు. తెలుసుకోదగిన విద్యలు రెండని, ఒకటి పరావిద్య, మరొకటి అపరావిద్య అని మహర్షి సమాధానమిచ్చాడు. అపరావిద్య అంటే వర్తకము, వ్యవసాయము, రాజనీతి మాత్రమే అని మనం అనుకొంటాము. మహర్షి మాత్రం నాలుగు వేదాలను, ఆరు వేదాంగాలను కూడ ఆ జాబితాలోనే చేర్చాడు. అక్షరమైన పరబ్రహ్మము దేనివలన తెలియునో అది మాత్రమే పరావిద్య అన్నాడు. బాల్యంనుండి గురువుగారి పాదాల వద్ద కూర్చుండి సంత చెప్పుకొన్న నావంటివాడికి ఇది తలవంచుకోవలసిన మాట. కంఠస్థమైన వేదం కూడ అనుభవంలోకి రానంతవరకు అపరావిద్యే.

అయితే మహర్షి అపరావిద్యను వదలివేయమనలేదు. రెండూ తెలుసుకోదగినవే అన్నాడు. మన సందేహానికి సమాధానం ఈ సూక్ష్మంలోనే ఉన్నది. కొలత, తూకము, లెక్క, వెల, కాలము, చట్టము తెలిసి ఉండటం లౌకిక జ్ఞానం. ఆ కొలిచినదంతా ఎవరిది, కొలుస్తున్న నేను ఎవరివాడను అని తెలియడం దైవజ్ఞానం. మొదటిది ఎంత అన్న ప్రశ్నకు, రెండవది ఎవరిది అన్న ప్రశ్నకు సమాధానం చెబుతాయి. ఈ రెండు ప్రశ్నలూ ఒకే మనిషి జీవితంలో ఢీకొన్నప్పుడు ఏమి జరుగుతుందో చూడాలంటే రామదాసుగారి చరిత్రకంటె మంచి ఉదాహరణ మన తెలుగునాట నాకు కనిపించదు.

మంత్రిగారి కుమారుడు

రామదాసుగారి అసలు పేరు కంచర్ల గోపన్న. నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి వారి జన్మస్థలం. పదిహేడవ శతాబ్దంవారు. తండ్రి లింగన మంత్రి, తల్లి కామాంబ. తాము లింగమంత్రి కుమారులమని, ఆత్రేయ గోత్రులమని, కంచర్ల వంశీయులమని వారు దాశరథీ శతకంలో స్వయంగా చెప్పుకొన్నారు. ఆ ఊరిలో నేడు వారి పేర ధ్యానమందిరం ఉన్నది.

అక్కన్న, మాదన్న అనే సోదరులు గోపన్నకు మేనమామలు. మాదన్నగారు గోల్కొండ సర్కారులో చిన్న ఉద్యోగంలో ప్రవేశించి, లెక్కలలోను రాజకార్యాలలోను తమకుగల నేర్పుతో మెట్టుమెట్టుగా పైకి వచ్చారు. 1672లో అబుల్ హసన్ కుతుబ్ షా సింహాసనం ఎక్కిన కొద్దికాలానికే, 1674 ప్రాంతంలో, రాజ్యభారమంతా ఆయన చేతికి వచ్చింది. తానీషా అని మనవారు పిలుచుకొనేది ఈ అబుల్ హసన్ ప్రభువునే. 1677లో ఛత్రపతి శివాజీ మహారాజు భాగ్యనగరం వచ్చినప్పుడు రాజమర్యాదలు నడిపినవారు ఈ సోదరులే. లౌకిక ప్రజ్ఞకు ఆ కాలపు తెలుగునాట వారిని మించినవారు లేరంటే అతిశయోక్తి కాదు.

అట్టి మేనమామల అండతో గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు పదవి లభించింది. తహశీల్దారు పని ఎట్టిదో నేటి పాఠకులకు కొంచెం చెప్పాలి. పరగణాలోని గ్రామాలనుండి భూమిశిస్తు రాబట్టాలి. కరణాలు వ్రాసిన చిట్టాలు పరిశీలించాలి. వసూలైన పైకాన్ని గోల్కొండ ఖజానాకు జమ కట్టాలి. వాన వచ్చినా రాకపోయినా ఖజానావారు అడిగేది సొమ్మునే. ఇందులో ఒక్క వరహా తగ్గినా జవాబుదారి తహశీల్దారే. గోపన్న ఈ పనిలో నేర్పరి కానిచో ఆ పదవిలో నిలిచి ఉండేవారు కారు. కనుక ఆయనను లెక్క తెలియని అమాయక భక్తునిగా చిత్రించడం సరికాదు. ఆయనకు లెక్క బాగా తెలుసు. తెలిసినవారు చేసిన పని కాబట్టే దానిని గూర్చి ఆలోచించవలసి ఉన్నది.

ఆయనకు కబీరుదాసు అనే మహాత్ముడు శ్రీరామ తారకమంత్రాన్ని ఉపదేశించి, రామదాసు అనే పేరు అనుగ్రహించినట్లు సంప్రదాయం చెబుతుంది. భార్య కమలమ్మ. ఇంట సమారాధన జరుగుతుండగా వారి పసిబాలుడు కాగిన గంజిలో పడి ప్రాణం కోల్పోయెనని, అతిథుల భోజనం ముగిసేవరకు ఆ తల్లి దుఃఖాన్ని దిగమింగుకొన్నదని, రామనామంతో ఆ బిడ్డ తిరిగి బ్రతికెనని పెద్దలు చెప్పుకొంటూ వచ్చారు. ఈ గాథ నేర్పే పాఠం ఒకటే. ఆ ఇంట ఆకలిగొన్నవాని విస్తరికి ఇంటివారి కంట నీటికంటె ముందుస్థానం.

దమ్మక్క పందిరి

పాల్వంచ పరగణాలో గోదావరీ తీరాన భద్రగిరి ఉన్నది. మేరుపుత్రుడైన భద్రుడు తపస్సు చేయగా, శ్రీరామావతారం ముగిసిన తరువాత వైకుంఠంనుండి స్వామి శంఖచక్రాలతో, సీతామాతను అంకంపై ధరించి, లక్ష్మణసమేతుడై సాక్షాత్కరించాడని స్థలపురాణం. అందువల్లనే అక్కడి మూలమూర్తికి నాలుగు భుజాలు. చాలాకాలం ఆ మూర్తులు పుట్టలో మరుగుపడి ఉండగా పోకల దమ్మక్క అనే భక్తురాలికి స్వప్నంలో స్వామి కనిపించి తానున్న చోటు తెలిపాడట. ఆమె గోదావరి జలంతో పుట్టమన్ను కరగించి, వెలువడిన స్వామికి ఆకుల పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి కొలుచుకొన్నది.

దమ్మక్క మన్యప్రాంతపు స్త్రీ. ఆమెకు ఆగమం తెలియదు, మంత్రం తెలియదు. చేతిలో వరహాలు లేవు. ఆమె దగ్గర ఉన్నది పందిరి వేసే చేతులు, చెట్టునుండి రాలిన పండు. అయినా స్వామి ముందుగా ఆ పందిరి కిందనే కూర్చున్నాడు. భద్రాచల ఆలయ చరిత్రలో మొదటి దాత ఎవరని నన్నడిగితే దమ్మక్క పేరే చెబుతాను. మన ఆలయానికి లక్షలు ఇచ్చినవారున్నారు, రోజుకూలి మానుకొని ఒకపూట రాళ్ళు మోసినవారున్నారు. ఇరువురి సమర్పణనూ స్వామి ఏ తక్కెడలో తూచుతాడో మనకు దమ్మక్క కథే చెబుతున్నది.

శిస్తు వసూలుకు తిరుగుతూ భద్రగిరికి వచ్చిన గోపన్న ఆ పందిరి చూశారు. తాను మేడలో నివసిస్తుండగా తన స్వామి ఎండకు ఎండి వానకు తడుస్తున్నాడని ఆయన మనస్సు ద్రవించింది. ఆలయం కట్టించాలని నిశ్చయించుకొన్నారు.

ఆరు లక్షలు

మొదట ప్రజలనుండి చందాలు పోగుచేశారని, అవి చాలకపోగా ఖజానాకు చెల్లించవలసిన శిస్తు సొమ్మును వినియోగించారని, పంటలు చేతికి రాగానే ఆ లోటు పూడ్చగలమని గ్రామస్థులు మాట ఇచ్చారని కొన్ని కథనాలలో ఉన్నది. ప్రాకారాలు లేచాయి, గోపురం లేచింది, మండపాలు వెలిశాయి. ఆలయ శిఖరంపై నిలిపేందుకు సుదర్శన చక్రం గోదావరి గర్భంలో లభించిందని చెబుతారు. సీతమ్మకు, స్వామికి, తమ్ములకు ఆభరణాలు చేయించారు. ఆ ఆభరణాలలో కొన్ని నేటికీ భద్రాచల దేవస్థానంలో భద్రంగా ఉన్నవి. ఇట్లు వినియోగమైన సర్కారు పైకం ఆరు లక్షలు అని ప్రసిద్ధి.

ఇప్పుడు మన లెక్కల పెద్దమనిషిగారి ప్రశ్నకు వద్దాము. ఆ సొమ్ము ఎవరిది? గోల్కొండ ప్రభువుది అని లౌకిక జ్ఞానం సమాధానం చెబుతుంది. దానిని చెమటోడ్చి పండించిన రైతుది అని ధర్మశాస్త్రం మరొక మెట్టు పైకి వెళుతుంది. రైతు, నేల, వాన, ప్రభువు అందరూ ఎవరివారో ఆయనదే అని దైవజ్ఞానం పలుకుతుంది. గోపన్న మూడవ సమాధానాన్ని పట్టుకొన్నారు. ఆ సమాధానం సత్యమే. అయితే మూడవ మెట్టు ఎక్కినవాడు మొదటి రెండు మెట్లను తీసివేయవచ్చునా? అంతా రామునిదే అయినప్పుడు, ప్రభువు తనకు అప్పగించిన నమ్మకం కూడ రామునిదే కదా! ఆ నమ్మకానికి జవాబు చెప్పవలసిన భారం కూడ రాముడు ఇచ్చినదే కదా! ఆలయం కట్టాలన్న సంకల్పంలో దైవజ్ఞానం ఉన్నది. అనుమతి లేకుండా ఖజానా సొమ్ము తీయడంలో ఒక తొందరపాటు ఉన్నది. ఈ మాట అనడంవల్ల రామదాసుగారి పట్ల అపచారం కాదని నా నమ్మకం. ఎందుకంటే ఈ అభిప్రాయాన్ని మున్ముందు స్వామివారే తమ నడతతో బలపరిచారు. దానిని వరుసగా మనవి చేస్తాను.

బందీఖానాలో జమాఖర్చు

శిస్తు రాకపోయేసరికి గోల్కొండనుండి విచారణ వచ్చింది. గోపన్న తాను చేసినది దాచలేదు. బొంకి తప్పుకోవడానికి ఆయన ప్రయత్నించినట్లు ఏ కథనంలోనూ కనబడదు. లౌకిక జ్ఞానం వంకరగా పెరిగినచోట మొట్టమొదట పుట్టేది దొంగలెక్క. ఆయన దొంగలెక్క వ్రాయలేదు. గుడి కళ్ళెదుట నిలిచి ఉన్నది, ఖర్చు అక్కడే ఉన్నది.

ఆయనను గోల్కొండ దుర్గంలో బంధించారు. మేనమామలు మంత్రిపదవిలో ఉన్నా వారి పలుకుబడి ఆ తలుపులు తెరవలేదు. పన్నెండు సంవత్సరాలు ఆ చెర సాగిందని, కొరడాదెబ్బలు తిన్నారని సంప్రదాయం. గోల్కొండ కోట చూడబోయినవారికి రామదాసు బందీఖానా అని ఒక చీకటి గదిని చూపుతారు. గోడమీద శ్రీరామ లక్ష్మణులు, ఆంజనేయస్వామి మూర్తులు చెక్కి ఉన్నవి. నేనొకసారి ఆ గదిలో కొంతసేపు నిలుచున్నాను. పైనుండి పడే కొద్దిపాటి వెలుతురులో ఆ మూర్తులను చూస్తూ, భద్రాద్రిలోని గోపురానికంటె ఈ గోడమీది ఆలయమే పెద్దదేమో అనిపించింది. దీనికి ఒక వరహా కూడ ఖర్చుకాలేదు.

ఆ చెరలోనుండి వెలువడినవే మనం నేడు పాడుకొంటున్న కీర్తనలలో అనేకం. వానిలో ఒకటి లెక్కలు వ్రాసేవారందరూ శ్రద్ధగా వినదగినది. అందులో రామదాసుగారు స్వామిని ఇక్ష్వాకు వంశానికి అలంకారమైనవాడా అని సంబోధించి, తాను చేయించిన పనుల జాబితా చదువుతారు. ప్రాకారానికి ఇంత అయ్యింది, భరతునికి పచ్చల పతకం చేయించాను, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు, లక్ష్మణునికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, నీకు కలికితురాయి చేయించాను, ఒక్కొక్కదానికి పదివేలు అయ్యింది అని లెక్క అప్పజెబుతారు. ఎవరి సొమ్మని ఇంత కులుకుతున్నావని నిలదీస్తారు. నీ తండ్రి ఇచ్చాడా, నీ మామ పంపాడా అని కూడ అడుగుతారు. తుదకు దెబ్బల బాధ ఓర్వలేక తిట్టానని, తప్పుగా భావింపవలదని స్వామి పాదాలు పట్టుకొంటారు.

ఈ కీర్తనను మనం నిందాస్తుతిగా పాడి ఆనందిస్తాము. నాకు ఇందులో ఒక తహశీల్దారు జమాఖర్చు చిట్టా కనబడుతుంది. చెరలో పడినా ఆయనకు ప్రతి పద్దు గుర్తున్నది. ఏ నగకు ఎంత అయినదో మరచిపోలేదు. పరవశత్వంలో చేతికి వచ్చినది వెదజల్లినవాడు ఇట్లు లెక్క చెప్పలేడు. అంటే భక్తి ఆయన లౌకిక జ్ఞానాన్ని తుడిచివేయలేదు.

ఆ చిట్టాలో ఇంకొక సూక్ష్మం ఉన్నది. ప్రతి పద్దు చివరా నేను చేయించాను అనే భావం నిలిచి ఉన్నది. అంతా రామునిదే అని తెలిసి గుడి కట్టినవారికి, ఇచ్చినది నేను అన్న ముడి ఇంకా విడలేదు. దానం చేసినవారందరిలోనూ ఈ ముడి ఉంటుంది. అర్చన చేసేవానిలో కూడ ఉంటుంది. ఆ ముడి విప్పడానికే చెర వచ్చిందేమో! కీర్తన ఆరంభంలో లెక్క అడుగుతున్న గోపన్న కీర్తన ముగిసేవేళకు క్షమాపణ వేడుకొంటున్న రామదాసు అవుతారు. ఆ రెండు చరణాల నడిమి దూరమే అపరావిద్యనుండి పరావిద్యకు గల దూరం. గోపురం కట్టిననాటికంటె ఆ క్షమాపణ వేడినవేళనే ఆయన జ్ఞాని అయ్యారని నా మనవి.

రసీదు

తరువాతి కథ మన పిల్లలకు కూడ తెలుసు. ఒకనాటి రాత్రి ఇద్దరు యువకులు తానీషా శయనమందిరంలో ప్రత్యక్షమయ్యారట. తాము రామదాసు సేవకులమని, పేర్లు రామోజీ, లక్ష్మోజీ అని చెప్పుకొని, బాకీ ఉన్న ఆరు లక్షలూ లెక్కగా పోసి, చెల్లు రసీదు వ్రాయించుకొని, ఆ రసీదు చెరలో నిద్రిస్తున్న రామదాసు వద్ద ఉంచి అంతర్ధానమయ్యారని ఐతిహ్యం. ఆ నాణేలే రామమాడలని భక్తుల విశ్వాసం. తెల్లవారి సత్యం తెలిసిన తానీషా రామదాసును విడుదల చేసి, భద్రాద్రి స్వామికి కానుకలు సమర్పించెనని చెబుతారు. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వంవారు ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు సమర్పించే ఆచారం నాటినుండి వచ్చినదేనని ప్రసిద్ధి. నిజాం ప్రభువుల పాలనలోను, ఆ తరువాతి ప్రభుత్వాల కాలంలోను ఆ ఆచారం కొనసాగింది.

రామదాసుగారు మాత్రం ఆ దర్శనభాగ్యం తనకుగాక తానీషాకు కలిగినందుకు విలపించారని కథ. చెర తీరినందుకు సంతోషించవలసిన వేళ, దర్శనం తప్పినందుకు దుఃఖించినవారికి ఏది లాభమో, ఏది నష్టమో స్పష్టంగా తెలిసింది. విడుదల తరువాత భద్రగిరికే చేరి, స్వామిసేవలోనే శేషజీవితం గడిపి, ఆయనలోనే ఐక్యమయ్యారు.

ఈ రసీదు ఘట్టంపై నేను చాలాకాలం ఆలోచించాను. సర్వేశ్వరుడు తలచుకొంటే చెర తలుపులు విరగగొట్టలేడా? వసుదేవునికి సంకెళ్ళు ఊడిపోలేదా? ప్రహ్లాదునికోసం స్తంభం చీల్చుకొని రాలేదా? ఇక్కడ మాత్రం ఆయన తలుపు విరగగొట్టలేదు, తానీషాను దండించలేదు, సృష్టి అంతా నాదే కనుక నీ శిస్తు నాకు లెక్కలేదు అనలేదు. రాత్రివేళ స్వయంగా మోసుకొని వచ్చి, పూర్తి పైకం చెల్లించి, రసీదు పుచ్చుకొన్నాడు. అంటే ఆ బాకీ బాకీయే అని స్వామి ఒప్పుకొన్నాడు. రాజు అడిగిన లెక్కలో తప్పులేదని ఒప్పుకొన్నాడు. భక్తుని సంకల్పాన్ని తనదిగా స్వీకరించి, దానిలోని లోపాన్ని కూడ తనదిగా స్వీకరించి, ఆ లోపాన్ని ధర్మమార్గంలో పూడ్చాడు. రాముడు విగ్రహవంతమైన ధర్మమని ఎందుకన్నారో ఆ రసీదులో కనబడుతుంది.

కనుక లెక్కల పెద్దమనిషిగారికి నా సమాధానం ఇది. మనం రామదాసుగారినుండి నేర్చుకోవలసినది ఖజానా తీయడం కాదు. తనవద్ద ఉన్నదేదీ తనది కాదనే ఎరుక నేర్చుకోవాలి. చేసినది దాచకుండా నిలబడే ధైర్యం నేర్చుకోవాలి. పన్నెండేండ్లు గడచినా స్వామిని వదలని పట్టుదల నేర్చుకోవాలి. ఇక డబ్బు విషయంలో నేర్చుకోవలసినది రామదాసునుండి కాదు, రామునినుండి. పైసాతో సహా చెల్లించడం, రసీదు తీసుకోవడం ఆయనే నేర్పాడు.

నిలిచినది ఏది

లౌకిక జ్ఞానం ఒక్కటే ఆధారమైనచోట ఏమి జరిగిందో కూడ చరిత్ర చెబుతున్నది. ఔరంగజేబు సైన్యాలు గోల్కొండపై కన్నువేసిన కాలంలో, 1686 ప్రాంతంలో, అక్కన్న మాదన్నలు రాజధాని వీధిలో హత్యకు గురి అయ్యారు. రాజ్యమంతటి ఆదాయవ్యయాలు వ్రేళ్ళపై లెక్కించగల మంత్రులకు తమ వెనుక నడుస్తున్న హంతకుల లెక్క తెలియలేదు. 1687లో నెలల తరబడి ముట్టడి సాగిన తరువాత, లోపలివారే ఒకరు ద్రోహబుద్ధితో ద్వారం తెరవగా ఆ దుర్గం పడిపోయింది. వజ్రాలకు లోకమంతటా పేరుపొందిన రాజ్యం అంతరించింది. రామదాసును బంధించిన తానీషా ప్రభువు తానే బందీ అయి, దౌలతాబాదు కోటలో శేషజీవితం గడిపి అక్కడే కన్నుమూశారు.

ఇది దైవం తీర్చుకొన్న పగ అని నేను వ్రాయను. తానీషా దుర్మార్గుడు కాడు. కూచిపూడి భాగవతులను ఆదరించిన రసికుడని పేరున్నవారు. మాదన్నగారు ప్రజ్ఞావంతులు, స్వధర్మనిష్ఠ గలవారు. వారి పతనంలో మనం సంతోషించవలసినదేమీ లేదు. గమనించవలసినది ఒకటే. కోట, కొలువు, ఖజానా అన్నీ పదిహేనేండ్లలో చేతులు మారాయి. చీకటిగదిలో ఖైదీ పాడుకొన్న పాటలు మూడువందల ఏండ్లు దాటినా నిలిచాయి. వందేండ్ల తరువాత కావేరీ తీరాన తిరువయ్యారులో నివసించిన త్యాగరాజస్వామివారు (1767–1847) తమ కృతులలో రామదాసును భక్తితో స్మరించారు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో గుంటూరు ప్రాంతంనుండి వచ్చిన తూము నరసింహదాసుగారు భద్రాద్రిలో స్థిరపడి, క్షీణించిన ఉత్సవ కైంకర్యాలను పునరుద్ధరించారు. మన కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016) ఆ కీర్తనలను ఇంటింటికీ చేర్చారు. ఒకరు నాటినదానికి మరొకరు నీరుపోస్తూ వచ్చారు. జీర్ణోద్ధరణ అనే మాటకు అర్థం ఇదే. మూలం మనది కాదు, నిలుపుకొనే భాగ్యం మాత్రమే మనది.

ఒక మనవి

ఇతరుల చరిత్ర వ్రాసేవాడు తన సంగతి దాచుకోకూడదు కనుక ఒక మాట చెప్పి ముగిస్తాను. 1980వ దశకంలో, నేను చిన్నవయస్సులో అర్చకత్వం చేస్తున్న రోజులలో, ఒక భక్తుడు కార్తికమాసంలో స్వామి సన్నిధిని తన పేర అఖండదీపం వెలిగించవలసినదిగా కోరి నా చేతికి నూటపదహారు రూపాయలు ఇచ్చాడు. అదే సమయంలో ఇంట పసిబిడ్డకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులలో తిరిగి సర్దవచ్చునని ఆ పైకం మందులకు వాడుకొన్నాను. ఆలయంలో ఉన్న నూనెతో దీపం వెలుగుతూనే ఉన్నది. ఎవరికీ తెలియలేదు. నాలుగవనాడు సొమ్ము సర్ది నూనె కొనితెచ్చాను.

మా తండ్రిగారు ఎట్లో గ్రహించారు. నన్ను కోపించలేదు. ఈ నాలుగు దినాలు వెలిగిన దీపం ఎవరి పేర వెలిగిందో చెప్పమని మాత్రం అడిగారు. నాకు సమాధానం తోచలేదు. లెక్క సరిపోయింది, నూనె సరిపోయింది, కాని ఆ దీపం ఎవరిదో చెప్పలేకపోయాను. ఎంత అనే ప్రశ్నకు నావద్ద జవాబున్నది, ఎవరిది అనే ప్రశ్నకు లేదు. ముండకోపనిషత్తు అప్పటికే నాకు కంఠస్థం. దాని అర్థం మొదటిసారి తెలిసినది ఆ సాయంకాలమే. ఆ నాలుగు దినాలకు సరిపడే నూనెను మా ఇంటి ఖర్చుతో తెచ్చి ఆలయానికి ఇచ్చాను. నాటినుండి భక్తులిచ్చిన పైకం రాత్రివేళ నా ఇంట నిలువ ఉంచలేదు.

ఈ సంచిక చివరి పుటలలో దాతల పేర్లు, ఆలయ జమాఖర్చులు ముద్రింపబడినవి. వ్యాసాలు చదివి ఆ పుటలు తిప్పివేయడం మనకు అలవాటు. దయచేసి వానిని కూడ చదవండి. రామదాసుగారు చెరలో పాడిన చిట్టాను విన్నంత భక్తితో చదవండి. లోపం కనబడితే అడగండి. అడిగినవారిని మేము భక్తిహీనులుగా భావించము. ఆ పుటలను వ్రాసిన లెక్కల పెద్దమనిషిగారు చేసినది కూడ అర్చనే. పేరు ఉన్న దాతలు అది తమ పేరని కాక స్వామి తమచేత వ్రాయించుకొన్న సంతకమని భావించండి. పేరు లేని దాతలు, రాయి మోసినవారు, పందిరి వేసినవారు, దమ్మక్క పేరు కూడ ఏ జమాఖర్చులోనూ లేదని గుర్తుంచుకోండి.

మహాసంప్రోక్షణవేళ యాగశాలనుండి కలశాలు శిఖరానికి చేరుతాయి. ఆ తీర్థం శిఖరంనుండి జారి మన అందరి తలలపైనా పడుతుంది. ఎవరు ఎంత ఇచ్చారని అది అడగదు. ఆ క్షణంలో మన చేతులు ఖాళీగా, తలలు వంగి ఉంటే చాలు. లెక్క తప్పని చేతులను, నాది అనని మనస్సును స్వామి మనందరికీ అనుగ్రహించుగాక.

సమస్త సన్మంగళాని భవంతు. స్వస్తి.